పన్నెండు నెలల మగవాళ్ళు

బిరంగిల్,
2007 మార్చి 6

లియోనీకి,

ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్ చేయకుండా ఉత్తరం రాశాడేమిటని అనుకోకు. ఫోన్లో నా నోట "ఊఁ", "సరే" తప్ప మరో మాట రాదని నువ్వే కదా దెప్పుతావు. ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు నీకు రాయడం అలవాటైంది. అప్పట్నుంచీ నోటికంటే చెయ్యే నయంగా ఉంది.

వాన లేదు. ఆ సంగతి ఇంక రాయను.

అసలు విషయం చెబుతాను. మా ఊరివాళ్ళమే నడుపుకునే అగ్నిమాపక దళం ఫైరింజను పంపు మూలపడింది, బాగుచేయించడానికి డబ్బు లేదు. మొన్న మీటింగులో పబ్బు యజమాని నెవ్ షిల్లింగ్ లేచి, "మనమే చొక్కాలు విప్పి క్యాలెండర్ వేద్దాం రా! నెలకో మగాడు. ఊళ్ళో ఆడాళ్ళు ఎగబడి కొంటారు" అన్నాడు. నేను కెప్టెన్ని కదా, నవ్వి ఊరుకుందామనుకున్నాను. కానీ చేతులన్నీ లేచాయి. "మీ చెల్లెలు మెల్‌బోర్న్‌లో ఫొటోగ్రాఫరే కదా కెప్టెనూ, పిలిపించు" అన్నారు.

అప్పట్నుంచీ ఊరి వరస చూడాలి. యాభై ఏళ్ళు దాటినవాళ్ళు అద్దాల ముందు పొట్టలు లోపలికి పీల్చుకుంటున్నారు. ఫుట్‌బాల్ ఆడే డాలస్ పచ్చి గుడ్లు తాగుతున్నాడు. ఒకడు ఛాతీ గొరిగించుకుని, దద్దుర్లు లేచి, గోక్కుంటూ తిరుగుతున్నాడు.

నేను మాత్రం యూనిఫాంలోనే ఉంటానని చెప్పేశాను. ఎందుకో నీకు తెలుసు. రెండేళ్ళ కిందట బెండిగోలో నా ఎడమ ఛాతీకి జరిగిన ఆపరేషన్ ఏదో పుట్టుమచ్చ ముదిరితే తీసేశారని ఊరంతా నమ్ముతోంది. మీ వదిన గ్లెనిస్‌కీ నీకూ తప్ప అసలు జబ్బేమిటో ఎవరికీ తెలియదు. తెలియనక్కర్లేదు.

ఈస్టర్ సెలవులకి వస్తావా? గ్లెనిస్ అడిగానని రాయమంది.

గార్త్

*

మెల్‌బోర్న్,
మార్చి 14

అన్నయ్యా,

నీ ఉత్తరం స్టూడియోలోనే చదివి పగలబడి నవ్వాను. తర్వాత పనిలోకి దిగాను. ఆ పనేమిటో తెలుసా? మగవాళ్ళ లోదుస్తుల ప్రకటన. పొద్దుట్నుంచీ ముగ్గురు కుర్రాళ్ళకి నూనె రాసి నిలబెట్టాం. వాళ్ళ ఒంటి మీద ఒక్క వెంట్రుక లేదు, మొహాల్లో మనిషి లేడు. ఇరవయ్యేళ్ళుగా ఈ మాంసం కొట్టు నడుపుతున్నాను. ఇంటికెళ్ళి చేతులు కడుక్కుంటే ఆ నూనె జిడ్డు ఓ పట్టాన వదలదు.

వస్తాను. మీ క్యాలెండర్ తీసిపెడతాను. దానికి బదులు నాకొకటి కావాలి. సెప్టెంబర్లో ఇక్కడొక గ్యాలరీలో నా ప్రదర్శన ఉంది. పేరు "మగవాడు". మీవాళ్ళని ఒక్కొక్కణ్ణీ ఉన్ని కత్తిరించే షెడ్డులో, రేకు గోడ ముందు, చొక్కా లేకుండా స్టూలు మీద కూర్చోబెడతాను. పది నిమిషాలు నవ్వకూడదు, మాట్లాడకూడదు, పొట్ట పీల్చకూడదు. ఆ తర్వాత నా పాత చెక్క కెమెరాతో ఒక్కటంటే ఒక్క ఫొటో. ఇవి మెల్‌బోర్న్‌లో గోడకెక్కుతాయని వాళ్ళకి ముందే విడమరిచి చెప్పు. సంతకాలకి కాగితాలు పంపుతున్నాను. చదివాకే పెట్టించు.

నువ్వూ కూర్చో. చొక్కా నీ ఇష్టం.

ఇంకో మాట. ఈ రెండేళ్ళలో నువ్వు "ఆపరేషన్" అని రాశావు, "ఆ జబ్బు" అని రాశావు, "బెండిగో వ్యవహారం" అని కూడా రాశావు. రొమ్ము క్యాన్సర్ అని ఒక్కసారీ రాయలేదు. అమ్మ పోయింది కూడా దానితోనే. పేరు రాసినంత మాత్రాన అది తిరిగి రాదు.

గ్లెనిస్ వదినకి ముద్దులు.

నీ లియోనీ

*

బిరంగిల్,
ఏప్రిల్ 17

లియోనీకి,

నువ్వు క్షేమంగా చేరినందుకు సంతోషం. నువ్వు వెళ్ళాక పబ్బులో వారం రోజులు అదే గోల. నెవ్ రెండు గుమ్మడికాయలు ఛాతీకి ఆనించుకుని దిగిన ఫొటోయే డిసెంబర్‌కి పెట్టాలట. "ఏడాది చివర్లో పెద్దవి ఉండాలి రా" అంటాడు. డాలస్ జనవరి కావాలని గొడవ.

షెడ్డులో తీసినవాటి గురించి మాత్రం ఎవడూ మాట్లాడడం లేదు. అది నాకు వింతగా ఉంది. డెబ్బై నాలుగేళ్ళ ఆల్ఫ్ లోపలికి మీసం దువ్వుకుంటూ వెళ్ళి, బయటికి కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏమైంది ఆల్ఫ్?" అంటే "దుమ్మురా. ఊడ్చుకోరూ ఈ షెడ్డుని?" అని కసిరాడు. పోయిన నెల తన గొర్రెల మందనంతా తనే గోతి పక్కన నిలబెట్టి తుపాకీతో కాల్చుకున్నాడు పాపం. మేత లేదు, కొనేవాడు లేడు. పది నిమిషాలు ఊరికే కూర్చోమంటే మరి ఏం గుర్తొస్తుంది?

కాగితాల మీద అందరూ సంతకాలు పెట్టారు. చదివి పెట్టారని ప్రమాణం చేయలేను. "ఇవి మా చెల్లెలు తన సొంత పనికి వాడుకుంటుంది" అని చెప్పాను. అంతకంటే విడమరిచేవాణ్ణే, నెవ్ మధ్యలో దూరి "పడగ్గదిలో పెట్టుకుంటుందేమో రా" అన్నాడు. అందరూ నవ్వేశారు. అక్కడితో ఆగిపోయింది.

ఇక చివరి రోజు సంగతి. అందరూ వెళ్ళాక నేను కూర్చున్నాను. చొక్కా విప్పమని నువ్వు అడగలేదు. నేనే విప్పాను. ఎందుకు విప్పానో ఇప్పటికీ తెలియదు. నువ్వేమీ అనకుండా ఆ కెమెరా నల్లగుడ్డ కిందకి దూరావు చూడు, అది బాగుంది. గ్లెనిస్ ముందు కూడా నేను బనీను తీసి రెండేళ్ళయింది. స్నానం చేసేటప్పుడు గోడవైపు తిరిగి నిలబడతాను. చనుమొన ఉండాల్సిన చోట నున్నగా, కుట్లు వేసిన సంచిలా ఉంటుంది. చూసుకుంటే డోకు వస్తుంది.

ఆ ఫొటోని ఏం చేయాలో నీకు తెలుసు. చేశాక నాకు చెప్పక్కర్లేదు.

గార్త్

*

మెల్‌బోర్న్,
మే 9

ప్రియమైన అన్నయ్యకి,

క్యాలెండర్ ఫొటోలన్నీ విడిగా రిజిస్టరు పోస్టులో పంపాను. అచ్చుకిచ్చుకోండి. ఆ గుమ్మడికాయలు చూడలేక నా మొహం నేనే తిప్పుకున్నాను. నెవ్‌కి మాత్రం బాగున్నాయని చెప్పు.

షెడ్డు ఫొటోలు డార్క్‌రూమ్‌లో కడుగుతున్నాను. పదిహేనేళ్ళుగా నేను ఇలాంటిది తీయలేదు. ఎండకి మాడిన మెడలు, ఆ కిందనుంచి పాలలా తెల్లటి ఒళ్ళు. చొక్కా ఎక్కడ మొదలవుతుందో అక్కడ గీత గీసినట్టుంది. నెవ్ నవ్వు ఆపాక ఎంత భయస్థుడిలా ఉన్నాడో తెలుసా? ఆల్ఫ్ కన్నీళ్ళు గడ్డం దాకా వచ్చి ఆగిపోయాయి. డాలస్ కండలు చూపిద్దామని కూర్చుని, ఆరో నిమిషానికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో దాచుకున్నాడు.

నీ ఫొటో గురించి నువ్వు రాసిన ఆ రెండు వాక్యాలు ఎన్నిసార్లు చదివానో. నువ్వు చెప్పొద్దన్నావు కాబట్టి చెప్పను. నువ్వనుకున్నట్టే చేస్తాను. ఇంత నమ్మకం నా మీద పెట్టావు, దాన్ని నిలబెడతాను.

మొన్న రేడియోలో అటువైపు నాలుగు చినుకులు పడ్డాయన్నారు. నిజమేనా? విత్తనం వేశావా?

నీ చెల్లెలు

*

బిరంగిల్,
ఆగస్టు 20

లియోనీకి,

విత్తనాలు వేశాను, మొలిచాయి, మోకాలి ఎత్తుకి వచ్చి ఇప్పుడు ఆకాశంవైపు చూస్తున్నాయి. నేనూ అంతే.

క్యాలెండర్ రొట్టెల కొట్లోనూ, తపాలా ఆఫీసులోనూ పెట్టారు. పంపు బాగుచేయించాం. ఊరు సంతోషంగా ఉంది. నాకు మాత్రం రోత పుడుతోంది. కొట్లో ఆడవాళ్ళు పేజీలు తిప్పుతూ "మీ ఏప్రిల్ నెలవాడు ఎంత దిట్టంగా ఉన్నాడో" అని ఒకరినొకరు పొడుచుకుంటుంటే, ఆ పక్కనే ఆ ఏప్రిల్ గారు రొట్టె చేత్తో పట్టుకుని సిగ్గుపడుతూ నిలబడ్డాడు. వాడు నలుగురు పిల్లల తండ్రి.

మొన్న పబ్బు బల్ల మీద రొమ్ము క్యాన్సర్ చందాల డబ్బా పెట్టారు. గులాబీరంగు రిబ్బనుతో. నేను చిల్లర వేయబోతే నెవ్ కేక పెట్టాడు. "ఆగాగు కెప్టెనూ! మగాడు దాన్లో డబ్బులేస్తే పాలొస్తాయి రా!"

అందరికంటే గట్టిగా నవ్వింది ఎవరో తెలుసా? నేనే. చిల్లర మళ్ళీ జేబులో వేసుకున్నాను. ఇంటికి వచ్చేదారిలో నా మొహం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపించింది.

సరే, నీ ప్రదర్శనకి మేమందరం వస్తున్నాం. "మన బొమ్మలు మెల్‌బోర్న్‌లో గోడకెక్కుతున్నాయంటే చూడొద్దా?" అని నెవ్ బస్సు మాట్లాడాడు. పద్నాలుగు మంది. నాకేం బెంగ లేదు. నువ్వు చేయాల్సింది చేశావు కదా.

గ్లెనిస్‌కి మోకాలి నొప్పి, రాదు.

గార్త్

*

మెల్‌బోర్న్,
సెప్టెంబర్ 16, ఆదివారం

అన్నయ్యా,

శుక్రవారం సాయంత్రం నువ్వు అలా వెళ్ళిపోయాక నీ మోటెలుకి మూడుసార్లు ఫోన్ చేశాను. నువ్వు తీయలేదు. ఏం తప్పు జరిగిందో నాకు సగమే అర్థమైంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నువ్వు తలుపు దాటి లోపలికి రాగానే ఎదురుగా నీ ఫొటో. నిలువెత్తు. నువ్వు గర్వపడతావనుకున్నాను, దేవుడి సాక్షిగా. నీ మొహం సున్నం కొట్టినట్టయింది. నేను జనంలోంచి నీ దగ్గరికి రాబోతుంటే నెవ్ అడ్డొచ్చాడు. వైను గ్లాసు పట్టుకుని ఫొటో ముందు నిలబడి, తల అటూ ఇటూ వంచి చూసి, "ఇదేంటి కెప్టెనూ, ఒకటే ఉంది? రెండోది ఎవరికిచ్చావు రా?" అన్నాడు. మనవాళ్ళు ఇకిలించారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "రొమ్ము క్యాన్సర్. మా అమ్మని చంపిన జబ్బే. ఇంకా నవ్వుతావా?" అని అరిచాను. నేను వెనక్కి తిరిగేసరికి నువ్వు లేవు.

మిగతాది కూడా విను, నాకే అసహ్యంగా ఉంది. ముత్యాల హారం వేసుకున్న ఒకావిడ ఆల్ఫ్ ఫొటో ముందు "ఎంత రుచిగా ఏడుస్తున్నాడో!" అంది. ఆల్ఫ్ ఆవిడ పక్కనే టోపీ చేత్తో పట్టుకుని ఉన్నాడు. గ్యాలరీవాళ్ళు వేసిన పుస్తకంలో మొదటి వాక్యం ఇది: "కుళ్ళిపోతున్న మగతనానికి ఒక శవపరీక్ష." డాలస్ దాన్ని బయటికి చదివి, "కుళ్ళిపోతోంది మనమేనా అక్కా?" అని నన్నడిగాడు. ఆ వాక్యం అచ్చుకి ముందే నేను చూశాను. చూసి ఊరుకున్నాను. ప్రదర్శన పోతుందేమోనని.

ఎందుకు వెళ్ళిపోయావు? నెవ్ వల్లనా, నా వల్లనా? రాయి.

లియోనీ

*

బిరంగిల్,
సెప్టెంబర్ 24

లియోనీ,

కాల్చేయమన్నాను.

"ఏం చేయాలో నీకు తెలుసు" అంటే అర్థం అదే. ఇంకేముంటుంది? నలభై ఏడేళ్ళు నన్ను ఎరిగినదానివి. నేను నా ఒళ్ళు చూసుకోలేను అని రాసిన ఉత్తరంలోనే ఆ మాట రాశాను. దాన్ని నిలువెత్తు చేసి వాకిలికి ఎదురుగా పెడతావా? పెట్టింది చాలక జబ్బు పేరు చాటింపు వేస్తావా?

శనివారం పొద్దున్న బస్సులో ఐదు గంటలు ఎవడూ నోరు విప్పలేదు. నెవ్ నోరు మూసుకుని కూర్చోవడం నా జన్మలో చూడలేదు. చార్ల్‌టన్ ఊరు దాటాక బస్సు ఆపించి రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాను. ఎవడో వెనకనుంచి నీళ్ళ సీసా ఇచ్చాడు, నా వేళ్ళు తగలకుండా, అంచు పట్టుకుని.

ఇప్పుడు ఊరు ఎలా ఉందో చెప్పనా? గుమ్మంలో మాంసం కూర గిన్నెలు పెట్టి వెళుతున్నారు, చచ్చినవాడి ఇంటికి పెట్టినట్టు. మీటింగులో మంటలార్పే గొట్టం పట్టుకునే పని నాకు లేకుండా చేశారు. "నువ్వు రేడియో దగ్గర కూర్చో కెప్టెన్" అంటున్నారు. మాట్లాడేటప్పుడు నా కళ్ళలోకి కాదు, చొక్కా గుండీల వైపు చూస్తున్నారు. నెవ్ పబ్బు ముఖం నేను చూడలేదు. చూడను.

ఆ పుస్తకం గ్లెనిస్ చదివింది. పొయ్యిలో వేసింది. శవపరీక్ష చేయడానికి నీకు మా ఊరే దొరికిందా? లోదుస్తుల కుర్రాళ్ళని మాంసం కొట్టు అన్నావు. ఇది మాత్రం ఏమిటి? ఇక్కడ తూకం వేరు, అంతే. వైను తాగుతూ మా కన్నీళ్ళు నాకేవాళ్ళలో నువ్వూ ఒకదానివి.

ఫొటో దించు. నెగటివ్ కాల్చు. కాల్చాక చెప్పు. ఈసారి చెప్పాలి.

గార్త్

*

మెల్‌బోర్న్,
అక్టోబర్ 1

అన్నయ్యా,

నీ ఉత్తరం అందిన గంటలో ఫొటో దించేశాను. గ్యాలరీ ఆయన గుండెలు బాదుకున్నాడు, ఎవరో కొంటామని అడిగారట. నేనే కత్తితో నాలుగు ముక్కలుగా కోశాను, ఆయన కళ్ళముందే. గోడ మీద తెల్లటి చోటు మిగిలింది. ఆ పుస్తకాలు కూడా తీయించాను. ఆల్ఫ్‌కీ డాలస్‌కీ విడిగా రాశాను. మిగతావాళ్ళకీ రాస్తాను.

నెగటివ్ ఈ కవర్లోనే అట్టల మధ్య ఉంది. అది ఒక్కటే. ఇంకో కాపీ లేదు. కాల్చేది నేను కాదు, నువ్వు.

నీ ఏప్రిల్ ఉత్తరం మళ్ళీ చదివాను. నువ్వు అన్నది నిజమే, అది కాల్చమన్న మాటే. నాకు ఇంకోలా చదవాలని ఉంది, ఇంకోలా చదివాను. పదిహేనేళ్ళ తర్వాత ఒక మంచి ఫొటో తీశాను, దాన్ని చంపుకోవడం ఇష్టంలేక చదవడం మర్చిపోయాను. ఇందులో నన్ను సమర్థించుకోవడానికి ఏమీ లేదు. నెవ్ మీద అరిచింది మాత్రం తెలివితో కాదు, కోపంతో. దానికి నాకు నిద్ర పట్టడం లేదు.

కానీ నేనూ నిన్ను ఒకటి అడగాలి. అది కూడా విను.

ఆ జబ్బు పేరు పలకడానికి నీకు ఎందుకంత రోత? అది ఆడవాళ్ళది కాబట్టి. పుట్టుమచ్చ క్యాన్సర్ అయితే మగాడికి మర్యాద, ఇదైతే మానం పోయిందా? 1974లో అమ్మ వెనకగదిలో పడి ఉంటే నాన్న ఆ గుమ్మం తొక్కలేదు. నువ్వు పందొమ్మిదేళ్ళవాడివి. బేసిను బయట పారబోసి వచ్చేవాడివి, గదిలోకి మొహం పక్కకి తిప్పుకుని వచ్చేవాడివి. కట్లు మార్చింది నేను, పద్నాలుగేళ్ళదాన్ని. ఆ వాసన ఇంకా నా ముక్కులో ఉంది. నీ ఛాతీ చూసుకుని నీకు డోకు వస్తోందన్నావు. అమ్మని చూసినా వచ్చేదా? రేపు నాకు వస్తే నన్ను చూసినా వస్తుందా?

నేను ఏటా నవంబర్లో పరీక్షకి వెళతాను. ఒక్కదాన్నే వెళతాను, ఒక్కదాన్నే వస్తాను. ఎప్పుడైనా "ఏమన్నారు?" అని అడిగావా?

లియోనీ

*

బిరంగిల్,
నవంబర్ 11

లియోనీకి,

నీకు ఆరు వారాలుగా రాయలేదు. మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. అమ్మ విషయంలో నువ్వు రాసింది నిజం. దాని మీద ఇంకేమీ రాయలేను.

నెగటివ్ కాల్చలేదు. తుపాకీ లైసెన్సు కాగితాలున్న బీరువాలో ఉంది. తిరిగి పంపమని మాత్రం అడగకు.

పోయిన నెల ఒక ఆదివారం నెవ్ బండి మా పెరట్లోకి వచ్చి ఆగింది. దిగడు. అరగంట అలాగే కూర్చున్నాడు. కుక్క కూడా మొరిగి మొరిగి పడుకుంది. చివరికి నేనే వెళ్ళాను.

"గ్లెనిస్ ఉందా?" అన్నాడు.

"చర్చికెళ్ళింది."

"అయితే మంచిదే. షెడ్డులోకి రా."

లోపలికి వచ్చాక చొక్కా గుండీలు విప్పుకున్నాడు. "ఇక్కడ చెయ్యి పెట్టి చూడరా. కుడివైపు."

"నువ్వే పెట్టి చూసుకోలేవా?"

"రోజూ చూసుకుంటూనే ఉన్నా. ఏడాది బట్టీ."

పెట్టాను. వేలికి గడ్డ తగిలింది. ఏడాదిగా దాన్ని మోస్తూ గుమ్మడికాయలతో ఫొటో దిగాడన్నమాట. చందాల డబ్బా మీద పాల జోకు వేశాడన్నమాట. వాణ్ణి అక్కడే చావబాదాలనిపించింది. "నాదీ ఇలాగే మొదలైంది. రేపు నేను తీసుకెళతాను" అన్నాను.

బెండిగోలో ఆ గది నిండా ఆడవాళ్ళు. మేమిద్దరం భార్యల కోసం వచ్చామనుకున్నారు. కౌంటర్ అమ్మాయి కాగితం చూసి "మిసెస్ షిల్లింగ్!" అని పిలిచింది. వాళ్ళ ఫారాల మీద ముందే "మిసెస్" అని అచ్చువేసి ఉంటుంది. నెవ్ నా వైపు చూశాడు, లేచాడు, తల వంచుకుని లోపలికి వెళ్ళాడు. నాకు నవ్వు రాలేదు.

అది క్యాన్సర్ కాదట. వయసుకీ, బీరుకీ, వాడు మింగే మాత్రలకీ ఉబ్బిన గ్రంథి, అంతే. తిరిగి వచ్చేటప్పుడు వాడే నడుపుతూ, గోధుమ గిడ్డంగుల దగ్గర బండి పక్కకి తీసి ఆపేశాడు. స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. అంత పెద్ద మనిషి ఏడిస్తే బండి ఊగుతుంది, నీకు తెలుసా? నేను కిటికీలోంచి పొలం చూస్తూ కూర్చున్నాను. వీపు మీద చెయ్యి వేయొచ్చు. వేయలేదు.

అంతటితో అయిపోతే బాగుండేది. మొన్న శుక్రవారం సాయంత్రం చాలా రోజుల తర్వాత పబ్బుకి వెళ్ళాను. నెవ్ బల్ల వెనక నిలబడి, పదిమంది ముందు, "కెప్టెన్ నా రొమ్ము పట్టుకున్నాడర్రా! మా ఆవిడ కూడా ఇన్నేళ్ళలో అంత మెత్తగా పట్టుకోలేదు!" అని మొదలెట్టాడు. ఆడవాళ్ళ ఆసుపత్రి, మిసెస్ షిల్లింగ్, అన్నీ చెప్పాడు, పొట్టలు చెక్కలయ్యేలా నవ్విస్తూ. ఏడ్చింది మాత్రం చెప్పలేదు. డాలస్ నా వైపు కన్ను గీటాడు.

నాకు నోరంతా చేదైంది. "గిడ్డంగుల దగ్గర బండాపి అరగంట ఏడ్చావు. అది కూడా చెప్పు నెవ్" అన్నాను.

నెవ్ మొహం చూశాను. ఆ మొహం నాకు తెలుసు. గ్యాలరీ తలుపు అద్దంలో సెప్టెంబర్లో చూశాను, అది నాదే. వాడు గుడ్డ తీసుకుని బల్ల తుడిచి, "ఇవాళ మూసేస్తున్నాం" అన్నాడు. అప్పటికి ఆరున్నర కూడా కాలేదు.

నిన్న ఇంటికెళ్ళి క్షమాపణ చెప్పాను. వినలేదు. వాళ్ళావిడ తలుపు సగం తెరిచి, "ఆయన ఏడ్చిన సంగతి నాక్కూడా చెప్పలేదు గార్త్. ఊళ్ళో విన్నాను" అంది.

కాబట్టి లియోనీ, నువ్వు ఆ రోజు ఎలా అరిచావో ఇప్పుడు తెలిసింది. మంచి చేద్దామనే అనుకున్నాను నేనూ. క్షమించడం అవీ నాకు రాయడం రాదు. నాకు ఇంకా రోతగానే ఉంది. ఆ ముత్యాల హారం మీద, నెవ్ మీద, నా మీద. నీ మీద కూడా కొంచెం ఉంది, లేదని అబద్ధం చెప్పను.

నీ పరీక్ష అయిందా? ఏమన్నారు?

గార్త్

*

మెల్‌బోర్న్,
నవంబర్ 20

అన్నయ్యా,

అడిగినందుకు చెబుతున్నాను. అయింది. కుడివైపు ఏదో నీడ కనబడిందట. మళ్ళీ రమ్మన్నారు. డిసెంబర్ 4, మంగళవారం, సూది పెట్టి ముక్క తీస్తారు. ఏమీ కాకపోవచ్చు అంటున్నారు. నీకూ ముందు అలాగే అన్నారని నాకు గుర్తుంది.

నువ్వు కోతల్లో ఉంటావు. రావద్దు. అలవాటే నాకు.

రెండు రోజులుగా ఏ పనికీ చేతులు రావడం లేదు. నిన్న అద్దం ముందు చొక్కా విప్పి పది నిమిషాలు కూర్చుందామని చూశాను. మీ అందర్నీ కూర్చోబెట్టాను కదా, ఎంతలే అనుకున్నాను. రెండు నిమిషాలకే లేచిపోయాను.

నెవ్‌ని వదిలేయకు. కొన్నాళ్ళాగి మళ్ళీ వెళ్ళు.

లియోనీ

*

బిరంగిల్,
నవంబర్ 26

చెల్లాయ్,

కోతలు లేవు. సెప్టెంబర్ తర్వాత ఒక్క చినుకు పడలేదు. ఉన్నదాన్ని గడ్డిగా కోసేసి గొర్రెలకి వేశాను. కాబట్టి ఆ వంక పెట్టకు.

నెవ్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. బీరు పోసి నా ముందు పెట్టాడు. మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. తాగి వచ్చాను. రేపు మళ్ళీ వెళతాను.

గ్లెనిస్‌కి నీ ఉత్తరం చదివి వినిపించాను. తను విని, లేచి వచ్చి, ఏమీ అనకుండా నా చొక్కా గుండీలు విప్పింది. నేను ఆపలేదు. చూసింది. "ఇంతేనా? దీనికోసమా రెండేళ్ళు గోడవైపు తిరిగి స్నానం చేశావు?" అని ఒకటే తిట్టు. ఆ తిట్లు నీకు రాయదగ్గవి కావు.

సోమవారం స్వాన్ హిల్ నుంచి రైలెక్కి సాయంత్రానికి నీ దగ్గర ఉంటాను. మంగళవారం ఆ ఆడవాళ్ళ గదిలోకి నీతోపాటు వస్తాను. బయట నిలబడను. లోపలికి రానిస్తే లోపలికీ వస్తాను, మొహం పక్కకి తిప్పుకోను. అమ్మ దగ్గర అది చేయలేకపోయాను.

నీకు ధైర్యం చెబుతానని మాత్రం ఆశ పెట్టుకోకు. నాకు చాలా భయంగా ఉంది. ఈ మాట నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, నాకు కత్తి పెట్టిన రోజున కూడా.

పక్కన కూర్చుంటాను, అంతే.

మీ అన్నయ్య